రుమాలు కింది మాట

దువ్వెన దగ్గర ఆగిపోయాడు దశరథం.

అంతదాకా బాగానే నడిచింది. పొద్దున్నే పెరట్లో నిలబడి పళ్లు తోముకుంటూ, కంటబడిన ప్రతి వస్తువుకూ మనసులో ఇంగ్లీషు పేరు చెప్పుకోవడం ఈ మధ్య ఆయన పెట్టుకున్న నియమం. బకెట్టుకు కష్టమేముంది, అది పుట్టుకతోనే ఇంగ్లీషు. తాడు వచ్చింది, చీపురు వచ్చింది, గోడ మీది కాకి వచ్చింది. దండెం మీది దుప్పటి కాసేపు సతాయించి, పోనీ పాపం ముసలివాడు అన్నట్టు వచ్చింది. ముఖం తుడుచుకుని అద్దం ముందుకు వచ్చి, గూట్లోంచి ఆ నల్లటి పళ్ల వస్తువును చేతిలోకి తీసుకున్నాడు. పేరు రాలేదు. ఇంగ్లీషు పరాయి భాష, మొండికేస్తే వేసింది అనుకుని తెలుగులో వెతికాడు. తెలుగులోనూ లేదు. దాన్ని ఎటు పట్టుకోవాలో తెలుసు, ఎటు దువ్వాలో తెలుసు, దాని పళ్లలో రెండు ఎట్లా విరిగాయో కూడా తెలుసు. పేరు మాత్రం పలక మీద అక్షరం తుడిచినట్టు పోయింది. నాలుక మీదికి ఒకే ఒక్క మాట వచ్చి కూర్చుంది.

"గది."

గది అంటే నిజామాబాద్ వైపు 'అది' అని. ఎవరైనా రోజుకు వందసార్లు వాడే మాటే. కానీ దశరథానికి ఆ మాటంటే కాళ్ల దగ్గర పాము కనబడ్డంత భయం. వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, చివరి సంవత్సరాల్లో ఒక్కో మాటే పోగొట్టుకుంది. ముందు పక్కింటివాళ్ల పేర్లు పోయాయి, తర్వాత గిన్నెల పేర్లు, ఆ తర్వాత తినే వస్తువుల పేర్లు. పోయిన ప్రతి మాట చోటులోకి 'గది' వచ్చి చేరేది. అన్నం గది, నీళ్లు గది, దుప్పటి గది. ఒకరోజు దశరథం ఎదురుగా కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే, వాకిట్లో ఉన్నవాళ్ల వైపు తిరిగి "గది ఎవలది?" అని అడిగింది. కన్నకొడుకును అట్లా చూసిన ఆ చూపు ఇన్నేళ్లయినా ఆయన కళ్లలోంచి పోలేదు.

"గీ దువ్వెనతోటి జర తల దూసుకో," అంది భార్య గంగామణి వెనక నుంచి. "గిది చాయ. గివి నీ అద్దాలు. సంచిల రుమాలు వెట్టిన, గంజి వెట్టి ఇస్త్రీ చేసిన."

ఈ మధ్య గంగామణికి వాగుడు ఎక్కువైందనుకున్నాడు దశరథం. పెళ్లయిన నాటి నుంచి నోట్లో నాలుక లేని మనిషి, ఇప్పుడు ఏ వస్తువు చేతికిచ్చినా దాని పేరు కూడా కలిపి ఇస్తోంది. వాగుడైతేనేం, దువ్వెన దొరికింది. దువ్వెన, దువ్వెన అని లోపల అనుకుంటూ తల దువ్వుకున్నాడు. ఇవాళ కాకపోతే బాగుండేది. ఇవాళ వీడియో ఉంది.

దశరథం పేపర్లో పేరు పడిన మనిషి కాదు. బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పీ చెప్పీ తల నెరిసిపోయింది. ఎండిన జొన్న దంటులాగా సన్నగా, పొడుగ్గా ఉంటాడు. బోర్డు మీద వంగి రాసీ రాసీ మెడ ముందుకు వాలింది. కుడిచేతి చూపుడువేలు కొన సుద్దకు ఎండిపోయి ఎప్పుడూ తెల్లగా పగిలి ఉంటుంది, గంగామణి ఎంత కొబ్బరినూనె రాసినా సరే. కరోనా కాలంలో ఆ బడి మూతపడింది. ఇక అరుగు మీద కూర్చోవడమే మిగిలిందని ఆయన అనుకుంటున్న రోజుల్లో, భానుప్రసాద్ అనే పాత విద్యార్థి నిజామాబాద్ బస్టాండు పక్కన స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరు తెరిచి, వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయాడు. గల్ఫ్‌కు పోయే డ్రైవర్లకు, మేస్త్రీలకు ఇంగ్లీషు చెప్పే బ్యాచ్ ఆయనకప్పగించాడు. ఆ బ్యాచే ఇప్పుడు దశరథానికి ప్రాణం. అది పోతే మిగిలేది ఇంట్లో ఒక మూల, ఒక మంచం, 'గది' అనే ఒక్క మాట. ఆయన భయమంతా ఇదే. మాటలు పోతున్న సంగతి ఎవరికైనా తెలిసిందా, ఆ రోజే తనను మూల కూర్చోబెడతారు. అందుకే ఇంట్లో చెప్పలేదు, సెంటర్లో చెప్పలేదు, డాక్టరు గడప తొక్కలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరుగుతున్నాడు.

నిజామాబాద్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు గడలు జారవిడుచుకుంటూ పోతున్నాయి. ఎడపల్లి, జానకంపేట, సారంగాపూర్ అని ఊళ్ల పేర్లు మంత్రం చదివినట్టు చదువుకున్నాడు. అన్నీ వచ్చాయి, వరస తప్పలేదు. ప్రాణం కాస్త కుదుటపడిందో లేదో, ఎడపల్లిలో ఎక్కిన ఒక పెద్దమనిషి వచ్చి పక్కనే కూలబడ్డాడు. తెల్లపంచె, భుజాన కండువా.

"ఏమండీ దశరథం గారూ, బాగున్నారా? మావాడు ఎప్పుడు ఫోను చేసినా మిమ్మల్నే అడుగుతుంటాడండీ."

ఆయన వెంకటసుబ్బారావు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసుకుని ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఆయన కొడుక్కి పదో తరగతి వరకూ ఇంగ్లీషు చెప్పింది దశరథమే. కానీ ఆ క్షణాన దశరథానికి ముఖం తెలుసు, కండువా తెలుసు, ఆ ఇంట్లో తాగిన మజ్జిగ రుచి కూడా తెలుసు. పేరు లేదు.

"మీరే చెప్పాలె," అన్నాడు నవ్వుతూ. "ఎట్లున్నడు మనోడు?"

ఇది ఆయన నేర్చుకున్న విద్య. ప్రశ్నకు ప్రశ్న ఎదురేస్తే మిగతాది ఎదుటివాళ్లే నింపుతారు. వెంకటసుబ్బారావు కొడుకు సంగతులు, చెరుకు ధర, మోకాళ్ల నొప్పి అన్నీ ఏకరువు పెట్టి, ఆనక ఫోను వస్తే "ఆఁ, సుబ్బారావునే మాట్లాడతన్నా" అన్నాడు. దశరథం ఆ పేరును నీళ్లలో మునిగేవాడు కొమ్మను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బస్సు దిగేటప్పుడు "ఉంట సుబ్బారావు గారూ" అన్నాడు.

సెంటరు మూడో అంతస్తులో. మెట్లెక్కి వచ్చేసరికి బ్యాచ్ అంతా బెంచీల మీద ఉంది. ముందు బెంచీ మీద లింబయ్య. నలభై దాటిన మనిషి, సిరికొండ దిక్కు నుంచి వస్తాడు. నల్లగా, వెడల్పుగా, తలుపుకు అడ్డం పెట్టిన చెక్కలా ఉంటాడు. ట్రాక్టరు నడిపి నడిపి అరచేతులు కాయలు కాశాయి. కుడిచేతికి చిటికెనవేలు సగమే ఉంది. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్లో పోయింది. వచ్చే వారం వీసా మీద దోహా పోతున్నాడు, అక్కడ కంపెనీ బస్సు తోలాలి. వెనక ఎర్రన్న, ప్లాస్టరింగు మేస్త్రి, నోరు తెరిస్తే నవ్వే మనిషి.

ఆ ఎర్రన్న వల్లనే ఇక్కడ రుమాలు వచ్చింది.

సెంటరు తెరిచిన కొత్తలో దశరథం లేపి నిలబెడితే, ఎర్రన్న తన పేరు, ఊరు, పని ఇంగ్లీషులో చెప్పబోయి తారుమారు చేశాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఎర్రన్న కూడా నవ్వుతూనే కూర్చున్నాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. గోడలు కట్టే మనిషి, పదిమందికి పని చెప్పే మనిషి, నాలుగు మాటలు తప్పు పోయినందుకు ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాడు. దశరథం ఇంటికి పోయి బతిమాలితే, "నాతోని గాదు సార్, ఇజ్జత్ పోతున్నది" అన్నాడు. తిరిగి వస్తుంటే దశరథానికి తన బాపు, అంటే తండ్రి, రాజలింగం యాదికొచ్చాడు. ఆయన పశువుల అంగడిలో దలాలి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య కూర్చుని, చేతుల మీద రుమాలు కప్పి, వేళ్లు పట్టి ధర చెప్పేవాడు. చుట్టూ అంత జనం ఉన్నా లోపల ఎంతకు అడిగారో, ఎంతకు కాదన్నారో ఎవరికీ తెలియదు. "బేరం గుదరకున్నా ఇద్దరి ఇజ్జత్ రుమాలు కిందనే ఉంటది బిడ్డా," అనేవాడు బాపు.

మర్నాటి నుంచి దశరథం సుద్దముక్క పక్కన పెట్టి రుమాలు తీశాడు. మాట్లాడాల్సిన మనిషి పక్కన కూర్చుంటాడు. వాడి చేయి బెంచీ మీద పెట్టించి, పైన తన చేయి పెట్టి, రెంటి మీదా రుమాలు కప్పుతాడు. బొటనవేలి నుంచి మొదలుపెట్టి వేలికొక మాట. వాడు వాక్యం చెబుతాడు. ఎక్కడ తప్పు పోతే ఆ వేలు మెల్లగా నొక్కుతాడు. సరైన మాట తాను చెప్పడు, నొక్కి ఊరుకుంటాడు. వాడు ఆలోచించుకుని, దిద్దుకుని, మళ్లీ చెబుతాడు. చుట్టూ ఉన్నవాళ్లకు తప్పు పోయిందో లేక మళ్లీ గట్టిగా చెప్పాడో తెలియదు. నవ్వడానికేం దొరకదు. అన్ని తప్పులూ నొక్కడు కూడా. అర్థం చెడగొట్టే తప్పు ఒక్కటి చూసుకుని, మిగతావి ఇంకో రోజుకు వదిలేస్తాడు. తప్పు దొరికిందని మీదపడితే మనిషి బెదిరిపోతాడు, బెదిరినవాడికి వచ్చిన మాట కూడా రాదు.

అందరికీ మొదటిరోజు నేర్పే వాక్యం ఒకటే, అయిదు వేళ్లకు అయిదు మాటలు. స్పీక్ ఫస్ట్, మిస్టేక్స్ కెన్ వెయిట్. ముందు మాట్లాడు, తప్పులు ఆగుతాయి. లింబయ్య దగ్గరకు వచ్చేసరికి చివరి మాటకు సగం వేలే ఉంది. "ఏం గాదు తియ్యి, మొండి వేలు కదా, ఆగుమంటె ఆగుతది," అన్నాడు దశరథం. ఆ రోజు లింబయ్య మొదటిసారి నవ్వాడు.

పోయిన దసరా ముందు నుంచి ఇంకో మార్పు వచ్చింది. దశరథం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగుతాడు, క్లాసు వైపు చూస్తాడు, "మీరు చెప్పుండ్రి" అంటాడు. క్లాసు ఆ మాట అందుకుంటుంది. వాళ్లు అందించిన మాటతో ఆయన ముందుకు పోతాడు. భానుప్రసాద్ ఒకరోజు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి మురిసిపోయాడు. "సార్, మీ పద్ధతి చాలా మారింది. వాళ్లతోనే చెప్పిస్తున్నరు. దీన్ని వీడియో తీసి పెడదాం, పది బ్యాచులు వస్తయి." దశరథం తల ఊపాడు. మాట దొరక్క చేసిన దొంగపనిని పద్ధతి అంటున్నాడు వీడు. ఇంకెన్నాళ్లు సాగుతుంది?

ఆ వీడియోనే ఇవాళ.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాడు కానీ ముద్ద దిగలేదు. లింబయ్య తన డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచి మూత మీద పెట్టాడు.

"తినుండ్రి సార్. కారం దొడ్డుప్పేసి నూరింది మా ఇంటామె ఈరవ్వ."

"నువ్వు తిను. వచ్చే వారం సంది నీకు గీ రొట్టె దొరకది."

"గదే బుగులు సార్," అన్నాడు లింబయ్య. బుగులు అంటే భయం. "ఇమానంకు గాదు, బస్సుకు గాదు. ఆడ ఏదన్న తప్పు మాట్లాడితే నా పక్కపొంటి కూసునేటోళ్లు ఎవలుంటరు? ఏలు ఎవలు ఒత్తుతరు?"

తనకు ఎవరు నొక్కుతారని దశరథానికి అడగాలనిపించింది. రొట్టె నమిలాడు. చెప్పాల్సిన మాటలు పొద్దుటి నుంచి మనసులో వరసగా పేర్చుకుంటూనే ఉన్నాడు. పేర్చినకొద్దీ చివరివి జారిపోతున్నాయి.

భానుప్రసాద్ ఫోనును స్టాండుకు బిగించాడు. ఫ్యాను చప్పుడొస్తుందని ఆపించాడు. కిటికీ రెక్కలు మూయించాడు. దశరథాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పక్క కుర్చీలో లింబయ్యను కూర్చోబెట్టాడు. రెండు కుర్చీల మధ్య చిన్న బల్ల, బల్ల మీద ఇద్దరి చేతులు, చేతుల మీద రుమాలు. గంజి పెట్టిన గుడ్డ కావడంతో గుడిసె కప్పులా నిలబడింది.

"సార్, ఇంగ్లీషులనే మాట్లాడుండ్రి. నేర్చుకునేటోని తప్పు ఎట్ల దిద్దాలె, అంతే. మధ్యల ఆగకుండ్రి," అన్నాడు భానుప్రసాద్. ఫోను మీద ఎర్రచుక్క వెలిగింది.

దశరథం ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. మనం తెలుగులో చెప్పుకుందాం. నా పేరు దశరథం అన్నాడు. పెద్దవాళ్లకు భాష చెప్పడం పిల్లలకు చెప్పినట్టు కాదన్నాడు. పిల్లవాడు పడితే లేచి ఆడుకుంటాడు, పెద్దవాడు పడితే ఎవరైనా చూశారా అని చూస్తాడన్నాడు. వెనక బెంచీలో ఎర్రన్న తల ఊపాడు. మాటలు వరసగా వస్తున్నాయి. మా క్లాసులో మొదట నేర్పే వాక్యం ఇది అని, "స్పీక్ ఫస్ట్" అన్నాడు.

అక్కడ నేల లేదు.

మూడో మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. బతుకంతా రోజూ పలికిన మాట. ఏ మాటను దిద్దుతూ జుట్టు నెరిసిందో ఆ మాటే లేదు. తెలుగులో వెతికాడు. తెలుగులో దాన్నేమంటారు? బడి పిల్లలు చేసేది, మేస్త్రీలు చేసేది, దేవుడు కూడా చేస్తాడని అవ్వ తిట్టుకునేది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. భానుప్రసాద్ చేత్తో కానివ్వమన్నట్టు సైగ చేశాడు. కడుపులోంచి ఆ పాత మాట మెల్లగా పైకి పాకుతోంది. గది. పెదవుల దాకా వచ్చింది. ఇక నోరు తెరిస్తే అదే వస్తుంది, ఊరంతా చూస్తుంది, ఇంతటితో సరి.

రుమాలు కింద లింబయ్య చేయి తిరగబడింది.

కాయలు కాసిన ఆ అరచేయి దశరథం చేతిని కింద నుంచి పట్టుకుంది. బొటనవేలును తాకింది, చూపుడువేలును తాకింది, నడిమి వేలు దగ్గర ఆగి మెల్లగా నొక్కింది. నొక్కి ఊరుకుంది. లింబయ్య ముఖం ఫోను వైపే ఉంది, కనురెప్ప కూడా కదల్లేదు. మాట అందించలేదు. ఫరవాలేదు సార్, నాకేం తొందర లేదు అన్నట్టు ఆ వేలును పట్టుకుని కూర్చున్నాడు.

దశరథం ఊపిరి వదిలాడు. పెదవుల మీది 'గది' వెనక్కి పోయింది.

"మిస్టేక్స్," అన్నాడు. "మిస్టేక్స్ కెన్ వెయిట్."

ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒక వేలు మీద ఆ బరువు వచ్చి వాలింది, మాట తనంతట తానే తేలి వచ్చింది. చూసేవాళ్లకు ఒక ముసలి సారు ఆచితూచి మాట్లాడుతున్నట్టే ఉంది. ఎర్రచుక్క ఆరిపోయాక భానుప్రసాద్ గంతేశాడు.

"ఒక్క తప్పు లేదు సార్! అవ్వల్ నంబర్ వచ్చింది!" అంటూ ఫోను పట్టుకుని కిందికి పరుగెత్తాడు. బ్యాచ్ కూడా లేచి చాయ తాగడానికి దిగింది.

లింబయ్య ఒక్కడే మిగిలాడు. ఇద్దరి చేతులూ ఇంకా రుమాలు కిందే ఉన్నాయి.

"ఎప్పటిసంది ఎరుక లింబయ్యా?" అన్నాడు దశరథం.

"దసరా ముంగట్నుంచి సార్."

"ఇంకెవలికి ఎరుక?"

"అందరికి ఎరుకే సార్. మీరు ఆగంగనే మేం అందుకునేది గందుకే. ఎర్రన్న అందరికి చెప్పి పెట్టిండు, ఎవలు నవ్వొద్దు, బయట ఎవలికి అనొద్దని."

దశరథానికి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్ని నెలలు తాను దాచుకున్నాననుకున్నాడు. దాచింది వీళ్లు. తానొక్కడే కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లి.

"నన్ను జూసి నవ్వుకున్నరా?"

"మీరు మమ్ముల జూసి నవ్విండ్రా సార్?"

దశరథం అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం కంటే అది నయం.

"సార్, చిన్నోణ్ని, ఒక మాటంట," అన్నాడు లింబయ్య. "మా బాపుకు గిట్లనే అయింది. గాయన చెప్పలే, మేం అడగలే. ఇజ్జత్ అనుకున్నం. ఒకనాడు పొద్దుగాల చాయ తాగొస్త అని పోయి తొవ్వ తప్పిండు. చుట్టాలింటికి పోయినమప్పుడు. నిజాంసాగర్ కాల్వ దిక్కు పోయిండు. తెల్లారి దొరికిండు." దశరథం చేయి తనంతట తాను కదిలి, రుమాలు కింద ఆ మొండి వేలును పట్టుకుంది. "పక్కపొంటి ఒక్కలున్నా బతికేటోడు సార్. నేను వచ్చే వారం పోతున్న. ఇంట్ల చెప్పుండ్రి. ఇయ్యాల్నే చెప్పుండ్రి."

చెప్పాలి. అది సరే. చెప్పాలన్న సంగతి కూడా మర్చిపోతే? బోధన్ చేరేసరికి ఈ మాటా జారిపోతే? దశరథానికి కొత్త భయం పట్టుకుంది. ఆలోచించి, కుడిచేయి రుమాలు కింద నుంచి మెల్లగా ఇవతలికి లాక్కున్నాడు. వేలికొక మాట పెట్టుకున్నాడు. గంగామణీ. నాకు. మాటలు. పోతున్నయి. బుగులైతున్నది. అయిదు వేళ్లు, అయిదు మాటలు. పిడికిలి బిగించాడు. ఎడమచేత్తో అన్నం డబ్బా సంచి తీసుకున్నాడు. ఇక ఏ చేయీ ఖాళీ లేదు.

కింద భానుప్రసాద్ ఫోనులో ఎవరికో వీడియో చూపిస్తున్నాడు.

"పోతున్న భానూ," అన్నాడు దశరథం.

"మంచిది సార్, రేపు కలుద్దాం."

దశరథం వాడి ముఖం కాసేపు చూశాడు. రెండో తరగతిలో ముక్కు చీదుకుంటూ వచ్చిన పిల్లవాడు. ఇక రేపు అనేది ఉండదని వీడికెట్లా చెప్పడం అనుకుంటూ రోడ్డు మీదికి నడిచాడు.

లింబయ్య బస్సు దాకా వచ్చాడు. కిటికీ పక్క సీటు పట్టించి, కండక్టరు దగ్గరకు పోయి చెవిలో ఏదో చెప్పాడు. కండక్టరు దశరథం వైపు చూసి సరేనన్నాడు. దశరథానికి సిగ్గనిపించింది, ఎంతో ధైర్యంగానూ అనిపించింది. బస్సు కదిలింది. దారిలో ఊళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఈసారి వాటి పేర్లు చదవలేదు. చదివితే పిడికిట్లో ఉన్నవి ఒలికిపోతాయేమోనని భయం. చెరుకు తోటల మీద పొద్దు వాలుతోంది. ఒక చోట బస్సు ఆగితే బయట గుడి, కొట్టు, వేపచెట్టు కనిపించాయి. రోజూ చూసే ఊరే అయుండాలి. ఒక్క గుర్తూ తగల్లేదు. ఇది ఎక్కడ? తాను ఎటు పోతున్నాడు? పిడికిలి ఇంకా గట్టిగా బిగించాడు, గోళ్లు అరచేతిలో దిగబడ్డాయి. ఆ నొప్పిని పట్టుకుని కూర్చున్నాడు.

"బోధన్ సార్, బోధన్. దిగుండ్రి," అని కండక్టరు దగ్గరకు వచ్చి చెప్పాడు.

దిగేసరికి గంగామణి బస్టాండు గోడ పక్కన నిలబడి ఉంది, చేతిలో కూరగాయల సంచి. ఈ మధ్య రోజూ ఇదే వేళకు ఆమెకు కూరగాయలు గుర్తొస్తున్నాయి. ఇంట్లో ఉండేది ఇద్దరు మనుషులు. నిన్నటి వంకాయలు నిన్నటివే, మొన్నటి బీరకాయలు మొన్నటివే. సంచిలో రెండు టమాటలు తప్ప ఏమీ లేవని దశరథం ఇవాళ చూశాడు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆమె చేతికిచ్చే వస్తువులు, వాటితో పాటు ఇచ్చే పేర్లు, గిది దువ్వెన, గిది చాయ, గివి అద్దాలు, అన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి.

ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. పిడికిలి తెరిచాడు. బొటనవేలు చూసుకున్నాడు.

మొదటి మాట రాలేదు.

నుదుటి మీద కుంకుమ తెలుసు. పై పెదవి మీద చిన్న మచ్చ తెలుసు. నలభై ఏళ్లుగా తన పక్కన ఊపిరి పీల్చిన మనిషి అని తెలుసు. పేరు లేదు. బొటనవేలు మీద పెట్టుకుని వచ్చిన పేరు, దారిలో ఎక్కడో పడిపోయింది. అవ్వ చూపు ఇప్పుడు తన కళ్లలోకి వచ్చి ఉంటుందని, ఎదుటి మనిషి దాన్ని చూస్తోందని దశరథానికి అర్థమైంది.

ఆమె సంచి కింద పెట్టింది. నడిబజారు, వచ్చేపోయే జనం. ఎన్నడూ బయట చేయి తగలనివ్వని మనిషి, ఆయన బొటనవేలు పట్టుకుంది.

"గంగామణిని," అంది. "నేను గంగామణిని. అటెన్క చెప్పు."

"గంగామణీ," అన్నాడు దశరథం. "నాకు మాటలు పోతున్నయి. బుగులైతున్నది."

"ఎరుక," అంది గంగామణి. కొంగుతో కళ్లొత్తుకుని, సంచి అందుకుని, ఆ వేలు మాత్రం వదలకుండా ఇంటివైపు నడిచింది.

మర్నాడు సెంటర్లో బ్యాచ్ అంతా వచ్చి కూర్చుంది. భానుప్రసాద్ వరండాలోకి, హాల్లోకి తిరిగాడు, బోధన్‌కు ఫోను చేసి గంగామణితో మాట్లాడాడు, వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. సార్ ఇక రాడని అప్పటికే అందరికీ అర్థమైంది. లింబయ్య తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. సర్దుదామని భానుప్రసాద్ బల్ల మీదికి చేయి చాపితే, "ఉండనియ్యి అన్నా," అన్నాడు ఎర్రన్న వెనక నుంచి. రెండు కుర్చీల మధ్య ఆ రుమాలు, గంజి విరగకుండా, కింద ఇంకా రెండు చేతులున్నంత ఎత్తున నిలబడి ఉంది.